పారామీటర్‌లో 'మీ'కి దీర్ఘం ఎవరు పెట్టారు?

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు 38. పదో తరగతి దాకా తెలుగు మీడియం. పద్నాలుగేళ్లుగా డేటా చూసే ఉద్యోగం, పనిలో పేరుంది, ఈమెయిల్స్ బాగా రాస్తారని ఆఫీసులో అందరూ అంటారట. ఆరు నెలల కిందట ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటు ప్రతి గురువారం వేరే దేశంలో ఉన్న టీమ్‌కి కాల్‌లో రిపోర్టు వివరించే బాధ్యత కూడా వచ్చింది. కష్టం అక్కడ మొదలైంది. చిన్న మాటలు బాగానే వస్తాయి, పొడుగు మాట రాగానే నాలుక మడత పడుతుంది. రెండు నెలల కిందట ఒక కాల్‌లో ఆవిడ 'పారా మీటర్' అని మూడుసార్లు అన్నారు, అవతలివాళ్లు మూడుసార్లూ 'సారీ?' అన్నారు, పక్కనే ఉన్న జూనియర్ కుర్రాడు మైక్ దగ్గరికి వంగి అదే మాట ఇంకోలా అన్నాడు, వెంటనే అందరికీ అర్థమైంది. ఇద్దరు నవ్వారు. అప్పట్నుంచి బుధవారం రాత్రి నిద్ర ఉండటం లేదు.

ఊరికే కూర్చోలేదు ఆవిడ. ఒక నోట్‌బుక్ పెట్టుకుని పొడుగు మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని, మధ్యమధ్య గీతలు పెట్టి ముక్కలు చేసుకుని, రాత్రిళ్లు చదువుతున్నారు. అయినా కాల్‌లో తప్పే వస్తోంది. చాలా మాటలు వాడటమే మానేశారు. ఇంతలో ఆరో తరగతి చదివే కూతురు 'ఈ మాటల్ని సిలబుల్స్‌గా విడగొట్టండి' అనే హోంవర్క్ తెచ్చింది. పిక్నిక్ అనే మాటని ఆవిడ పి-క్ని-క్ అని చేయించారు, టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేశారు, పిల్ల 'ఇకనుంచి నాన్నని అడుగుతాలే అమ్మా' అంది. భర్త 'రాయడం వచ్చుగా, మాట్లాడే పని ఇంకొకరికి ఇచ్చెయ్' అంటున్నారు. ఆవిడ ప్రశ్నలు ఇవి: గురువారం కాల్ వదిలేయమంటారా? యాక్సెంట్ కోర్సులో చేరమంటారా? అసలు పొడుగు మాటని ఎక్కడ కోయాలి? చివర్లో ఇంకోటి, కిలోమీటర్ అనే మాటలో బరువు మొదటి ముక్క మీదా రెండో ముక్క మీదా అని కూతురితో పందెం వేశారట, ఎవరు గెలిచారో చెప్పమన్నారు.

*

ముందు ఒక మాట. మీ ఉత్తరంలో మూడు వేరువేరు సమస్యలు ఒకే ముడిగా పడి ఉన్నాయి. కాగితం మీద మాటని ఎక్కడ విరవాలి అనేది ఒకటి. నోట్లో ఆ మాటకి ఎన్ని ముక్కలు, అంటే సిలబుల్స్, అనేది రెండోది. ఆ ముక్కల్లో బరువు, అంటే ఇంగ్లీషులో స్ట్రెస్, దేని మీద పడుతుంది అనేది మూడోది. మీ కూతురి హోంవర్క్ మొదటిదానికి సంబంధించింది. మీ గురువారం కాల్ మూడోదానికి సంబంధించింది. మీరేమో మొదటిదాని మందుని మూడోదానికి రాస్తున్నారు, గీతలు పెట్టి కోస్తున్నారు. ఎంత కోసినా లాభం లేకపోవడానికి కారణం అదే, మీ వయసో మీడియమో కాదు.

ఆ 'సారీ?' సంగతి చూద్దాం. మీరు అన్న మాటలో శబ్దాలన్నీ ఉన్నాయి. ప ఉంది, ర ఉంది, మ ఉంది, ట ఉంది. అయినా వాళ్లకి తగల్లేదు. ఎందుకంటే ఇంగ్లీషు వినేవాళ్లు మాటని అక్షరం అక్షరంగా పోగు చేసుకోరు, బరువు పడిన ముక్కని పట్టుకుని దాని చుట్టూ మాటని వెతుక్కుంటారు. డిక్షనరీలో ఆ ముక్కకి ముందు పైన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది, నేనూ ఇక్కడ అదే పెడతాను. ఆ మాట ప-ˈరా-మి-టర్. 'రా' ఒక్కటే నిలబడాలి, మిగతావి దానికి దారి ఇవ్వాలి. మీరు 'మీ' మీద బరువు వేశారు, వాళ్లు 'మీటర్' అనే మాట ఏదో వచ్చిందనుకుని అటు వెతికారు.

మరి ఆ 'మీ'కి దీర్ఘం ఎవరు పెట్టారు? మీ నోట్‌బుక్కే. తెలుగులో మనం పారామీటర్ అని రాస్తాం, రాసినప్పుడు మీ దీర్ఘం, పా దీర్ఘం, రా దీర్ఘం. రాత్రంతా ఆ స్పెల్లింగ్ చూసి చదివితే తెల్లారి అదే వస్తుంది మరి. తెలుగులో రాసిన దీర్ఘాన్ని పలక్కపోతే తప్పు, పడు వేరు పాడు వేరు కదా. మనకి అది ఒంట్లో జీర్ణించుకుపోయింది. కాబట్టి మీ నాలుక తప్పు చేయలేదు, ఎదురుగా ఉన్నది నిజాయితీగా చదివింది. నేనూ ఒకప్పుడు డెవలప్‌మెంట్ అనే మాటని మొదటి అక్షరం మీద బరువు వేసి చాలా ఏళ్లు లాగించాను, ఒక్కరూ చెప్పలేదు. మీకు చెప్పేవాడు ఒకడైనా ఉన్నాడు.

ఇప్పుడు మీరు ఊహించని చోటికి వెళ్దాం. మీరు తెలుగు మీడియం అన్నారు, అంటే గణవిభజన చేసే ఉంటారు. యమాతారాజభానసలగం గుర్తుందా? దీర్ఘం ఉంటే గురువు, సున్న ఉంటే గురువు, పొల్లు ఉంటే గురువు, సంయుక్తాక్షరం ముందున్నది గురువు, మిగతావి లఘువులు. పరీక్ష అయిపోయాక ఇక దేనికీ పనికిరాదనుకున్న ఆ పాఠం ఇంగ్లీషు నామవాచకాలకి, ముఖ్యంగా లాటిన్ నుంచి, గ్రీకు నుంచి వచ్చిన పొడుగు మాటలకి పనికొస్తుంది. పద్ధతి ఇది. చివరి ముక్కని లెక్కలోంచి తీసేయండి. దాని ముందున్న ముక్క చూడండి. అది గురువైతే బరువు దాని మీదే. లఘువైతే బరువు ఇంకో ముక్క వెనక్కి జరుగుతుంది.

అజెండా తీసుకోండి. చివరి డా వదిలేస్తే జెం, సున్న ఉంది, గురువు, కాబట్టి అ-ˈజెం-డా. మొమెంటమ్‌లో మెం అంతే. డిప్లొమాలో మధ్య ముక్క ఇంగ్లీషులో దీర్ఘం, అందుకని డి-ˈప్లో-మా. మరి సినిమా? ని లఘువు, ఒకటి వెనక్కి, ˈసి-ని-మా. సిలబస్‌లో ల లఘువు, ˈసి-ల-బస్. అమెరికాలో రి లఘువు, అ-ˈమె-రి-కా. అనాలసిస్‌లో ల లఘువు, అ-ˈనా-ల-సిస్. ఇక పరామిటర్‌లో ఇంగ్లీషు వాళ్ల 'మి' లఘువు కాబట్టే బరువు 'రా' మీదకి పోయింది. ఇది నేను కల్పించిన చమత్కారం కాదు. లాటిన్ భాషలో బరువు పడే సూత్రమే ఇది, ఆ మాటలతోపాటు ఇంగ్లీషులోకి చాలావరకు వచ్చేసింది. షరతు ఒక్కటే, గురువా లఘువా అనేది ఇంగ్లీషు పలుకుబడిని బట్టి చూడాలి, మన తెలుగు స్పెల్లింగ్‌ని బట్టి కాదు.

సూత్రానికి లొంగని మాటలూ ఉన్నాయి. క్యాలెండర్‌లో లెన్ గురువే, అయినా బరువు మొదటి ముక్క మీదే. సిలిండర్, క్యారెక్టర్ కూడా అంతే. క్రియలకి, విశేషణాలకి దీన్ని నేరుగా వాడకండి, దెబ్బతింటారు. కొన్ని మాటలైతే నామవాచకంగా ఒకలా, క్రియగా ఇంకోలా ఉంటాయి. ఉన్న రికార్డు ˈరె-కార్డ్, రికార్డు చేయడం రి-ˈకార్డ్.

ఇంకో దారి ఉంది, ఆఫీసు మాటలకి ఇది ఎక్కువ పనికొస్తుంది. మాట తోక చూడండి. షన్ అని ముగిస్తే బరువు దానికి ముందు ముక్క మీదే, సి-మ్యు-ˈలే-షన్, ఇం-ప్లి-మెన్-ˈటే-షన్, దీనికి మినహాయింపు దాదాపు దొరకదు. ఇటి అని ముగిస్తే దాని ముందు, వే-రి-య-ˈబి-లి-టి. ఆలజీ అని ఉంటే ఆ 'ఆ' మీదే, మె-థ-ˈడా-ల-జి. ఇక్ ఉంటే దాని ముందు, ఎ-క-ˈనా-మిక్, కానీ పాలిటిక్స్, అరబిక్ మాట వినవు, వాటిలో బరువు మొదటి ముక్క మీద. ఏట్ అనే క్రియలకి చివర్నుంచి మూడోది, ఫె-ˈసి-లి-టేట్. 'ఈర్', 'ఈ' లాంటి తోకలు బరువు తామే లాక్కుంటాయి, ఇంజి-ˈనీర్, వాలం-ˈటీర్, ఎంప్లా-ˈయీ. కమిటీ మాత్రం క-ˈమి-టి. ఇక మెంట్, నెస్, ఫుల్, ఇంగ్ లాంటివి పాపం దేన్నీ కదపవు, డి-ˈవె-లప్ ఎలా ఉందో డి-ˈవె-లప్-మెంట్ అలాగే ఉంటుంది.

అందుకే ఒకే కుటుంబంలో బరువు తిరుగుతూ ఉంటుంది. ˈయా-న-లైజ్, అ-ˈనా-ల-సిస్, యా-న-ˈలి-టి-కల్. మొదటి మాట నేర్చుకుని మిగతా రెండూ వచ్చేశాయనుకోవడం అందరూ చేసే పొరపాటు. మీరు డేటా మనిషి కాబట్టి ఈ మూడూ రోజూ వాడతారు, వీటితోనే మొదలుపెట్టొచ్చు.

ఇంతకంటే కష్టమైన సంగతి ఒకటుంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. బరువు వేయడం తేలిక. మిగతా ముక్కల్ని వదులు చేయడమే కష్టం. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని అచ్చు పూర్తిగా ఇవ్వాలి, ఇవ్వకపోతే మాట నలిపినట్టు అనిపిస్తుంది. ఇంగ్లీషులో నలపడమే పద్ధతి. బరువు లేని ముక్కలో అచ్చు వెలిసిపోయి, అ కీ ఎ కీ మధ్య ఎక్కడో పొట్టిగా వినిపిస్తుంది, డిక్షనరీలో చిన్నబడి 'e' అక్షరాన్ని తలకిందులు చేసినట్టు ఉండే గుర్తు దానిదే. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినపడే అచ్చు అదే. ప-ˈరా-మి-టర్‌లో మొదటి ప, చివరి టర్ రెండింట్లోనూ అదే ఉంది. కొన్ని మాటల్లో ముక్క మొత్తమే ఎగిరిపోతుంది, కంఫర్టబుల్ చాలామంది నోట్లో మూడే ముక్కలు, కంఫ్-ట-బుల్. వెడ్నెస్‌డే అని మనం మూడు పలుకుతాం, వాళ్లకి రెండే.

ఇంకోటి, బరువు అంటే అరుపు కాదు. ఆ ముక్క కాస్త సాగాలి, గొంతు కాస్త పైకి లేవాలి, అచ్చు స్పష్టంగా ఉండాలి. గట్టిగా కొట్టినంత మాత్రాన సరిపోదు.

నోట్‌బుక్ పారేయమని చెప్పను, కానీ రాసే పద్ధతి మార్చండి. అక్షర క్రమంలో కాదు, పాట క్రమంలో రాయండి. త-ˈతా-త-త అని ఒక పేజీ పైన రాసి దాని కింద పరామిటర్, అనాలసిస్, డెవలప్‌మెంట్, ఫెసిలిటేట్, పర్టిక్యులర్, రిలయబుల్. త-త-ˈతా-త అని ఇంకో పేజీ, కింద సిమ్యులేషన్, ప్రెజెంటేషన్, ఇన్ఫర్మేషన్, ఆటోమేటిక్, ఇంజినీరింగ్. ముందు మాట లేకుండా పాట మాత్రం అనండి, తర్వాత మాట పెట్టండి. ఒక పేజీలో పది మాటలున్నా మీ నోరు నేర్చుకోవాల్సింది ఒకే వరస. తెలుగులో రాసుకునేటప్పుడు బరువున్న ముక్కకి మాత్రమే దీర్ఘం పెట్టండి, మిగతావన్నీ హ్రస్వాలే. చూడటానికి వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి. నోరు తిరగని మాటని తోక నుంచి కట్టుకుంటూ రండి: టి, లిటి, ˈబిలిటి, యˈబిలిటి, వేరియˈబిలిటి. ముందు నుంచి మొదలుపెడితే చివరికొచ్చేసరికి ఊపిరి, ధైర్యం రెండూ అయిపోతాయి.

డిక్షనరీ చూసేటప్పుడు ఒక చిన్న ఉచ్చు ఉంది. చాలా డిక్షనరీల్లో ఆ నిలువు గీత బరువున్న ముక్కకి ముందు వస్తుంది, కొన్ని అమెరికన్ డిక్షనరీల్లో వెనక వస్తుంది. మీ దగ్గరున్నదాంట్లో మీకు బాగా తెలిసిన మాట ఒకటి చూసి ఏ పద్ధతో తేల్చుకోండి. లేదంటే ఆడియో వినండి, గొడవ లేదు. అవతలి టీమ్ ఏ దేశమో మీరు రాయలేదు, కొన్ని మాటలు దేశాన్ని బట్టి మారతాయి. లాబొరేటరీకి బ్రిటిష్ వాళ్లు రెండో ముక్క మీద, అమెరికన్లు మొదటి ముక్క మీద బరువు వేస్తారు. ఏదైనా ఒకటి పట్టుకోండి, రెండూ అర్థమవుతాయి.

ఇక మీ నిర్ణయాలు. గురువారం కాల్ వదిలేస్తే బుధవారం నిద్ర వెంటనే తిరిగొస్తుంది, అది చిన్న లాభమేమీ కాదు, మీవారు చెప్పేదాంట్లో ప్రేమ ఉంది. కానీ పని చేసేది మీరు, వినిపించే గొంతు ఇంకొకరిది అవుతుంది, ఏడాది తర్వాత ఆ పని ఎవరిదని అందరూ అనుకుంటారో మీరే ఆలోచించండి. ఒకసారి ఇచ్చేశాక తిరిగి అడగడం ఇంకా కష్టం. మధ్య దారి కూడా ఉంది, ఒక నెల రోజులు సగం రిపోర్టు మీరు, సగం ఇంకొకరు అని లీడ్‌ని అడగొచ్చు. కారణం చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం, చెప్తే మాత్రం 'నాకు ఇంగ్లీషు రాదు' అనకండి, అది అబద్ధం. 'కొన్ని మాటల స్ట్రెస్ మీద పని చేస్తున్నాను' అనండి.

పొడుగు మాట బదులు చిన్న మాట వాడటం తప్పేం కాదు. ఫెసిలిటేట్ బదులు హెల్ప్ అంటే ఎవరికీ నష్టం లేదు, నిజానికి వినేవాళ్లు సంతోషిస్తారు. కానీ పరామిటర్‌కి చిన్న మాట లేదు, అనాలసిస్‌కి లేదు. వాటిని తప్పించుకు తిరిగితే వాక్యం చుట్టుదారి పడుతుంది, అప్పుడు విషయం కూడా తెలియదేమో అనిపించే ప్రమాదం ఉంది.

కోర్సు సంగతి. చేరేముందు ఒక ప్రశ్న అడగండి, మాటల్లో స్ట్రెస్ ఎలా నేర్పుతారు, నా పని మాటల మీద ప్రాక్టీసు చేయిస్తారా అని. అవునంటే మంచిదే, ఇంకొకరి చెవి ఉండటం చాలా ఉపయోగం. ర ని మడత పెట్టడం, వ లో రెండు రకాలు, యాక్సెంట్ మార్చేస్తాం లాంటి మాటలు చెప్తే డబ్బు మిగుల్చుకోండి. మీ యాస వల్ల ఎవరూ 'సారీ' అనలేదు.

ఏ కోర్సూ లేకుండా మీరే చేయాలనుకుంటే, పాత రిపోర్టులు నాలుగైదు తీసి అందులో మూడు ముక్కలు దాటిన మాటలకి గీత పెట్టండి. అవే అవే మాటలు తిరిగి వస్తుంటాయి, వేరువేరుగా లెక్కపెడితే మీరు భయపడినంత పెద్ద జాబితా కాదు. వారానికి ఆరు చాలు. బుధవారం రాత్రి కాదు, సోమవారం, మంగళవారం. బుధవారం రాత్రి కొత్తది నేర్చుకుంటే గురువారం పాతదీ కొత్తదీ కలిసి వస్తాయి.

ఆ కుర్రాడు మాట విషయంలో కరెక్టే, సమయం విషయంలో తప్పు చేశాడు. ఏమీ అనకుండా వదిలేయొచ్చు. లేదా 'నేను తప్పు పలికిన మాటలు కాల్ అయ్యాక నాకు విడిగా చెప్పు బాబూ' అనొచ్చు. అలా అంటే మీకు మంచి చెవి ఒకటి ఉచితంగా దొరుకుతుంది, కాకపోతే అడగడానికి మొదటిరోజు కాస్త మనసు చంపుకోవాలి. నేనైతే అడుగుతాను. నవ్విన ఆ ఇద్దర్ని మర్చిపోండి.

కూతురి హోంవర్క్ దగ్గర మీరు నిజానికి సగం కరెక్టు. రాత ప్రకారం తెలుగులో పిక్నిక్ అంటే పి-క్ని-క్ అనే కనిపిస్తుంది. కానీ ఛందస్సులో ఆ పి ని గురువంటాం, ఎందుకు? వెనకున్న క్ బరువు దాని మీద ఆనుతుంది కాబట్టి. అంటే చెవికి అది పిక్-నిక్కే, స్కూలు అడిగేదీ అదే. రెండు హల్లులు పక్కపక్కన ఉంటే సాధారణంగా మధ్యలో విరుస్తారు, ముక్కకొక అచ్చు శబ్దం ఉండాలి, చివర పలకని 'e' అక్షరాన్ని లెక్కపెట్టరు. కాగితం మీద విరవడంలో పెద్ద పెద్ద డిక్షనరీలే ఒప్పుకోవు, నాలెడ్జ్ అనే మాటని అమెరికన్ పద్ధతిలో ఎల్ తర్వాత విరుస్తారు, బ్రిటిష్ సంప్రదాయంలో డబ్ల్యూ తర్వాత. ఒకరు శబ్దం చూస్తారు, ఇంకొకరు మాట పుట్టుక చూస్తారు. కాబట్టి ఎర్ర ఇంకు చూసి అంత కుంగిపోకండి, టీచరు ఏ పద్ధతి చెప్తే హోంవర్క్‌లో అది రాయించండి. పిల్లని నాన్న దగ్గరికి పంపేస్తే గొడవ తీరుతుంది. లేదా మీ పాటల పేజీలు ఇచ్చి, కొత్త మాటలు ఏ పేజీలోకి వెళ్తాయో తననే వెతకమనొచ్చు. దాంట్లో ఇబ్బంది ఏమిటంటే తను మిమ్మల్ని రోజుకి పదిసార్లు సరిదిద్దుతుంది, భరించాలి.

పందెం విషయం. సెంటీమీటర్, మిల్లీమీటర్ లాంటి కొలతలకి బరువు మొదటి ముక్క మీద. థర్మామీటర్, స్పీడోమీటర్ లాంటి పరికరాలకి రెండో ముక్క మీద. కిలోమీటర్ కొలత కాబట్టి మొదటి ముక్క మీద ఉండాలి, కానీ జనం థర్మామీటర్ వరసలో రెండో ముక్క మీద కూడా అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు డిక్షనరీల్లో రెండూ ఉన్నాయి. డ్రా అని చెప్పండి మీ అమ్మాయికి.